సూది ఎందుకు కదల్లేదు? ఒక పాత మినోల్టా, ఒక బటన్ సెల్లు, మినమాటా కథ



ఇవాళ నా చేతిలో ఉన్నది మినోల్టా ఎస్‌ఆర్‌టీ 101. 1966లో జపాన్‌లో వచ్చిన ఫిల్మ్ కెమెరా. మా పెదనాన్న కువైట్‌లో పనిచేసేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మా అమ్మానాన్నల పెళ్లి ఫోటోలు, మా అక్క అన్నప్రాసన ఫోటోలు అన్నీ దీంతో తీసినవే. డిజిటల్ వచ్చాక బీరువాలోకి వెళ్లిపోయింది. పోయిన సంక్రాంతికి రాజోలు వెళ్తే, పెదనాన్న దీన్ని బయటికి తీసి, "బాగవుతుందేమో చూడరా, నువ్వు ఇంజినీరువి కదా" అన్నారు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ పెదనాన్నా అంటే వినలేదు. నిజంగానే వినపడలేదు లేండి, ఆయన చెవికి మిషను ఉంది, ఆ పూట పెట్టుకోలేదు. ఆ చెవి మిషను సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో మనకి పనికొస్తుంది.

కెమెరా చూశాను. షట్టర్ ఠంచనుగా పనిచేస్తోంది. రీలు తిప్పే లివర్ బాగుంది. లెన్స్‌లో కాస్త దుమ్ము, అంతే. పనిచేయనిది ఒక్కటే: లైట్ మీటర్. వ్యూఫైండర్‌లో చూస్తే కుడిపక్కన ఒక సన్నటి సూది ఉండాలి, వెలుతురుని బట్టి అది కదలాలి. మాది కదలట్లేదు. ఆ సూదిని మళ్లీ కదిలించడానికి నాకు మూడు వారాలు పట్టింది. రిపేరు పని ఒక్క సాయంత్రంలో అయిపోయింది. మిగతా రోజులన్నీ ఒక ప్రశ్న చుట్టూనే తిరిగాను: ఈ కెమెరాకి కావాల్సిన సెల్లు ప్రపంచంలో ఇప్పుడు ఎందుకు దొరకదు? ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న గురించే.

ముందు కాస్త బేసిక్స్. ఫిల్మ్ మీద పడే వెలుతురు మరీ ఎక్కువైతే ఫోటో తెల్లగా పోతుంది, తక్కువైతే నల్లగా పోతుంది. ఎంత వెలుతురు పడాలో నిర్ణయించేవి రెండు: షట్టర్ ఎంతసేపు తెరుచుకుంటుంది, లెన్స్‌లో రంధ్రం, అంటే అపర్చర్, ఎంత పెద్దది. పాతకాలం ఫోటోగ్రాఫర్లు ఇదంతా కంటి అంచనాతోనే చేసేవాళ్లు. మిట్ట మధ్యాహ్నం ఎండలో, 100 స్పీడు ఫిల్మ్ అయితే, అపర్చర్ 16 దగ్గర పెట్టి షట్టర్ 125వ వంతు సెకను పెడితే సరిపోతుంది. ఇప్పటికీ పనిచేసే లెక్క ఇది. కానీ మబ్బు పడితే? అరుగు మీద నీడలో కూర్చున్న మనిషిని తీయాలంటే? మన కన్ను చీకటికి అలవాటు పడిపోతుంది, అందుకే నీడ ఎంత చీకటో మనకి సరిగ్గా తెలీదు. వెలుతురుని కొలిచే పరికరం కావాలి.

ఆ పరికరం కథ కెమెరాలతో మొదలవలేదు, సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలతో మొదలైంది. 1873లో విలోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజినీరు ఆ తీగల్ని పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతున్నాడు. రీడింగులు నిలకడగా రావట్లేదు. చూస్తే, సెలీనియం మీద వెలుతురు పడితే కరెంటు తేలిగ్గా పోతోంది, చీకట్లో పెడితే పోవట్లేదు. ఆయనకి అది తలనొప్పి. మనందరికీ అది వరం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒకడి బగ్ ఇంకొకడికి ఫీచర్ అయింది.

వెలుతురు పడితే తనంతట తానే కొద్దిపాటి కరెంటు పుట్టించే సెలీనియం పలకలు తర్వాత వచ్చాయి. 1930ల మొదట్లో అమెరికాలో వెస్టన్ కంపెనీ వాటితో చేతిలో పట్టుకునే మీటర్లు అమ్మింది. 1935లో జర్మనీలో జైస్ ఐకాన్ వాళ్లు కాంటాఫ్లెక్స్ అనే రెండు లెన్సుల కెమెరాలో మీటర్‌ని లోపలే పెట్టేశారు. ఈ సెలీనియంతో పెద్ద సుఖం ఏంటంటే బ్యాటరీ అక్కర్లేదు. మీ ఇంట్లో ఒలింపస్ ట్రిప్ 35 ఉంటే దాని లెన్స్ చుట్టూ తేనెపట్టులాంటి గాజు ఉంటుంది చూడండి, దాని వెనకాల ఉన్నది సెలీనియమే. ఇబ్బంది ఏంటంటే, తక్కువ వెలుతురులో అది పుట్టించే కరెంటు సూదిని కదిలించడానికి చాలదు. పైగా పలక పెద్దదిగా ఉండాలి, కాబట్టి కెమెరా లోపల, లెన్స్ వెనకాల పట్టదు.

అందుకే 1960ల్లో ఇంజినీర్లు కాడ్మియం సల్ఫైడ్‌కి మారారు. ఇది కరెంటు పుట్టించదు, వెలుతురుని బట్టి కరెంటుని దాటనిస్తుంది, అంతే. కుళాయి లాంటిది అనుకోండి: ఎక్కువ వెలుతురు పడితే ఎక్కువ తెరుచుకుంటుంది. బియ్యపు గింజలా చిన్నగా చేయొచ్చు, మసక వెలుతురులోనూ పనిచేస్తుంది. 1963లో టాప్‌కాన్ ఆర్ఈ సూపర్ అనే కెమెరా లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురునే కొలిచే మీటర్‌తో వచ్చింది. మరుసటి ఏడాది పెంటాక్స్ స్పాట్‌మాటిక్, 1966లో మా పెదనాన్నది. ఇందులో అలాంటి సెల్స్ రెండు ఉంటాయి, ఒకటి దృశ్యంలో పైభాగాన్ని, ఇంకోటి కిందిభాగాన్ని చూస్తుంది. పైన ఆకాశం తెల్లగా వెలిగిపోతున్నా కింద నిలబడ్డ మనిషి మొహం నల్లబడకూడదని ఆ ఏర్పాటు. 1966లో అది గొప్ప తెలివి.

కానీ కుళాయి ఉంటే చాలదు, ట్యాంకులో నీళ్లుండాలి. అంటే బ్యాటరీ కావాలి. ఇక్కడే మన కథలోకి పాదరసం వస్తుంది.

ట్యాంకులో నీటి మట్టం తగ్గితే, కుళాయి అంతే తిప్పినా ధార తగ్గుతుంది కదా. బ్యాటరీ వోల్టేజీ తగ్గినా అంతే, వెలుతురు మారకపోయినా సూది తప్పు చెప్తుంది. మామూలు సెల్లు వాడుతున్న కొద్దీ వోల్టేజీ దిగిపోతూ ఉంటుంది. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా దాదాపు ఒకే వోల్టేజీ ఇచ్చే సెల్లు కావాలి. అది అప్పటికే తయారుగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం టైంలో అమెరికా సైన్యానికి ఒక సమస్య వచ్చింది: వేడి దేశాలకి పంపిన రేడియోల బ్యాటరీలు గోదాముల్లోనే చచ్చిపోయేవి. శామ్యూల్ రూబెన్ అనే ఆవిష్కర్త జింకు, పాదరసం ఆక్సైడుతో ఒక సెల్లు చేశాడు. దాన్ని పి.ఆర్. మల్లొరీ కంపెనీ తయారుచేసింది. ఇవాళ మనం డ్యూరాసెల్ అనే పేరు వెనకున్నది ఆ కంపెనీయే. ఆ సెల్లు వేడికి తట్టుకునేది, ఏళ్ల తరబడి నిలవుండేది, అన్నిటికన్నా ముఖ్యం: 1.35 వోల్టులు ఇస్తే అయిపోయే దాకా 1.35 దగ్గరే ఉండేది. అయిపోయేటప్పుడు ఒక్కసారిగా పడిపోయేది.

కెమెరా ఇంజినీర్లకి ఇంకేం కావాలి? మీటర్ సర్క్యూట్‌ని ఆ 1.35 మీద కట్టేశారు. కోడింగ్ తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది, ఆ నంబర్‌ని హార్డ్‌కోడ్ చేశారు. ఆ సెల్లు ఎప్పటికీ దొరుకుతుందని నమ్మారు. అందరూ అలా చేయలేదు. స్పాట్‌మాటిక్‌లో పెంటాక్స్ వాళ్లు వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా తేడా రాని బ్రిడ్జి సర్క్యూట్ పెట్టారు, అందుకే అది ఇవాళ్టి సెల్లుతో కూడా సరిగ్గా చెప్తుంది. మినోల్టాలో మాత్రం అలా కాదు.

సరే, నా రిపేరు దగ్గరికి వస్తాను. కెమెరా అడుగున రూపాయి బిళ్లతో తిప్పే మూత ఉంది. తీస్తే లోపల ఒక పాత సెల్లు, దాని చుట్టూ పచ్చగా చిలుము. సెల్లు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాను. ఆ చిలుము తెచ్చేది సెల్లులోంచి కారిన క్షారం, కాబట్టి దానికి మందు పులుపు. ఇయర్ బడ్‌ని కొంచెం వెనిగర్‌లో ముంచి తుడిచాను, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి. అయినా సూది కదల్లేదు. అడుగు ప్లేటు విప్పి మల్టీమీటర్ పెడితే తెలిసింది: సెల్లు గదినుంచి వెళ్లే తీగ పైకి బాగానే కనిపిస్తున్నా లోపల రాగి మొత్తం తినేసి ఉంది. కారిన రసం తీగ తొడుగు లోపలికి పాకిపోతుందండి, పాత కెమెరాల్లో ఇది మామూలే. అదే పొడవు కొత్త తీగ కోసి సోల్డరింగ్ చేశాను. మీరు ప్రయత్నిస్తే ముందు ఫోటో తీసుకోండి, ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో అనేది తర్వాత గుర్తుండదు.

తర్వాత బజార్లో అదే సైజులో దొరికే ఆల్కలైన్ సెల్లు, 1.5 వోల్టులది, వేశాను. స్విచ్ ఆన్. సూది కదిలింది! బ్యాటరీ చెక్ దగ్గర పెడితే సూది గుర్తుని దాటి పోయింది. నేనేమో, "ఇంకా మంచిది, ఫుల్ పవర్" అనుకున్నాను. అదీ నా ఇంజినీరింగ్.

ఒక రీలు, 36 ఫోటోలు, బ్లాక్ అండ్ వైట్. రాజోలు వెళ్లి పెదనాన్ననీ పెద్దమ్మనీ అరుగు మీద కూర్చోబెట్టి తీశాను. ల్యాబ్ నుంచి నెగటివ్‌లు వస్తే పల్చగా ఉన్నాయి. వెనక ఎండలో ఉన్న కొబ్బరిచెట్లు పర్లేదు, నీడలో ఉన్న పెద్దమ్మ మొహంలో మాత్రం ఏమీ లేదు. కళ్లు ఉండాల్సిన చోట నలుపే. వోల్టేజీ ఎక్కువైంది కాబట్టి మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ వెలుతురు ఉందని చెప్పింది, నేను దాన్ని నమ్మి ఫిల్మ్ మీద తక్కువ వెలుతురు వేశాను. తర్వాత ఫోన్లో లైట్ మీటర్ యాప్‌తో పోల్చి చూస్తే, నా కెమెరాలో సుమారు ఒక స్టాప్ తేడా. ఒక స్టాప్ అంటే చిన్నది కాదండి, ఫిల్మ్‌కి అందాల్సిన వెలుతురులో సగమే అందినట్టు.

అప్పుడు మొదలుపెట్టాను, ఆ పాత 1.35 సెల్లు కోసం వెతకడం. ఎక్కడా లేదు. అమ్మడం చాలాచోట్ల చట్టవిరుద్ధం. ఎందుకో తెలుసుకుందామని చదువుతూ పోతే, జపాన్‌లో క్యూషూ ద్వీపం మీద ఉన్న మినమాటా అనే చిన్న ఊరి దగ్గర తేలాను.

మినమాటా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు ఎక్కువ. ఆ ఊళ్లో చిస్సో అనే రసాయన కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. 1932 నుంచి 1968 దాకా అక్కడ అసిటాల్డిహైడ్ తయారుచేశారు, అందులో పాదరసం వాడేవాళ్లు. వ్యర్థాలతో పాటు మిథైల్ మెర్క్యురీ అనే విషం సముద్రంలోకి వెళ్లింది. అక్కడినుంచి చేపల్లోకి, చేపల నుంచి పిల్లుల్లోకి, మనుషుల్లోకి. ముందు పిల్లులు పిచ్చిగా గిరగిరా తిరిగి చచ్చిపోయాయి. తర్వాత మనుషులకి చేతులు వణకడం, నడక తప్పడం, మాట పోవడం, చూపు పోవడం. 1956 మే 1న ఆ జబ్బుని అధికారికంగా నమోదు చేశారు. దాన్ని బయటపెట్టినది కంపెనీ సొంత ఆస్పత్రి డాక్టరు, హోసొకావా హజిమే. అయినా ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు ఫ్యాక్టరీ ఆ పని ఆపలేదు. అన్నిటికన్నా దారుణం, తల్లికి పైకి ఏమీ కనిపించకపోయినా ఆమె తిన్న చేపల్లోని విషం కడుపులో బిడ్డకి చేరింది.

1971లో యూజీన్ స్మిత్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్, ఆయన భార్య ఐలీన్ మినమాటా వెళ్లి మూడేళ్లు అక్కడే ఉండిపోయారు. బాధితుల ఇళ్లలో, నిరసనల్లో, కోర్టు బయట ఫోటోలు తీశారు. 1972 జనవరిలో స్మిత్‌ని కంపెనీ మనుషులు చితకబాదారు, కంటిచూపు దెబ్బతింది. అదే ఏడాది జూన్‌లో లైఫ్ పత్రికలో ఆ ఫోటోలు వచ్చాక ప్రపంచానికి మినమాటా పేరు తెలిసింది. 1973 మార్చిలో కుమమోటో కోర్టు బాధితుల పక్షాన తీర్పు ఇచ్చింది.

ఇక్కడ నేను చదవడం ఆపి, బల్ల మీద ఉన్న కెమెరా వైపు చూశాను. ఎందుకంటే స్మిత్ మినమాటాలో వాడిన కెమెరాల్లో ఒకటి ఏదో తెలుసా అండి? మినోల్టా ఎస్‌ఆర్‌టీ 101.

పాదరసం ఏం చేస్తుందో లోకానికి చూపించిన కెమెరా మోడల్, తన మీటర్ కోసం పాదరసం సెల్లు మీద ఆధారపడేలా తయారైంది. ఇందులో స్మిత్‌ని గానీ మినోల్టా ఇంజినీర్లని గానీ వేలెత్తి చూపడానికి చెప్పట్లేదు. ఆ రోజుల్లో కెమెరాల్లో, వాచీల్లో, చెవి మిషన్లలో అన్నిట్లో అవే సెల్లులు. కంటికి ఎదురుగా ఉన్నది కూడా అందరూ వాడుతుంటే మనకి కనపడదు, అంతే.

ఆ సిరీస్‌లో అన్నిటికన్నా పేరున్న ఫోటో ఒకటుంది. విషంతోనే పుట్టిన కూతురికి తల్లి స్నానం చేయిస్తున్న ఫోటో. ఆ అమ్మాయి 1977లో, 21 ఏళ్లకి చనిపోయింది. తర్వాత ఆ కుటుంబం, మా అమ్మాయిని ఇక విశ్రాంతి తీసుకోనివ్వండి అని కోరితే, ఐలీన్ స్మిత్ 1998లో ఆ ఫోటో వాడకాన్ని ఆపేశారు. 2020లో స్మిత్ మీద వచ్చిన సినిమాతో అది మళ్లీ కొంత బయటికొచ్చింది. నేను మాత్రం ఇవాళ స్క్రీన్ మీద చూపించట్లేదు. వెతికితే మీకు దొరుకుతుంది, కానీ ఒక తల్లీతండ్రీ అడిగిన మాట అది.

ఒక్క విషయం సరిగ్గా చెప్పాలి. మినమాటాని నాశనం చేసింది బటన్ సెల్లులు కాదు, ఫ్యాక్టరీ వ్యర్థాలు. కానీ పారేసిన సెల్లులోని పాదరసం నీళ్లలోకి, బురదలోకి చేరితే, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని అదే మిథైల్ మెర్క్యురీగా మార్చగలవు. దారి వేరు, చేరే చోటు ఒకటే. అందుకే చట్టాలు వచ్చాయి. 1996లో అమెరికా మెర్క్యురిక్ ఆక్సైడ్ బటన్ సెల్లులని నిషేధించింది. యూరప్‌లో 2000 నుంచి ఆగిపోయాయి. 2013లో కుమమోటోలోనే దేశాలన్నీ కలిసి మినమాటా ఒప్పందం చేసుకున్నాయి, 2017 ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. మన దేశం 2018లో ఆమోదించింది. ఫిల్మ్ కెమెరా గ్రూపుల్లో చాలామంది ఈ నిషేధాన్ని తిట్టుకుంటారు. మొదటి రీలు పాడైన రోజు నేను కూడా తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టను.

మరి మీటర్ సంగతి? మూడు దారులు ఉన్నాయి. ఒకటి, 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్లు వేసి, మధ్యలో షాట్కీ డయోడ్ పెట్టి వోల్టేజీని 1.35 దగ్గరికి దించడం. సిల్వర్ ఆక్సైడ్ కూడా నిలకడగానే ఉంటుంది. రెండు, తెలిసినవాళ్లతో మీటర్‌నే కొత్త వోల్టేజీకి సర్దించుకోవడం. మూడోది అన్నిటికన్నా తేలిక, అది నాకు పెదనాన్న సొరుగులో దొరికింది.

చెవి మిషను సెల్లులండి. నీలం స్టిక్కర్ ఉన్న 675 సైజు. ఇవి జింక్ ఎయిర్ సెల్లులు. స్టిక్కర్ పీకితే చిన్న రంధ్రాల్లోంచి గాలి పీల్చుకుని పనిచేస్తాయి, సుమారు 1.4 వోల్టులు నిలకడగా ఇస్తాయి. ఒకప్పుడు చెవి మిషన్లూ పాదరసం సెల్లులతోనే నడిచేవి, వాటి స్థానంలో వచ్చినవే ఇవి. పాత 625 సెల్లు కన్నా సన్నం, కాబట్టి చుట్టూ ఒక రబ్బరు రింగు వేయాలి. రంధ్రాలు మూసుకుపోకూడదు, రింగు కాంటాక్టులకి అడ్డం రాకూడదు. స్టిక్కర్ పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టండి. ఒకసారి పీకితే వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతుంది, అదొక్కటే లోపం. ప్యాకెట్ మీద పాదరసం లేదని రాసి ఉన్నది చూసి కొనండి.

పెట్టాను. మిట్ట మధ్యాహ్నం పెరట్లో, 100 స్పీడు దగ్గర, షట్టర్ 125. సూది సరిగ్గా అపర్చర్ 16 దగ్గర ఆగింది. పెదనాన్న వ్యూఫైండర్‌లో చూసి చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత నా చెవి సెల్లు తీసుకెళ్లి దీంట్లో పెట్టావేంట్రా అని నవ్వారు.

అదే సొరుగులో ఒక పాత ఫిల్మ్ డబ్బా ఉంది. తీస్తే నాలుగు అయిపోయిన పాదరసం సెల్లులు. ఇంకా ఉండాలి కదా పెదనాన్నా, ఇన్నేళ్లు వాడారు, మిగతావి ఏం చేశారు అని అడిగాను. చెయ్యి పెరటి వైపు చూపించారు. "కాలువలో పడేసేవాళ్లం రా. అప్పుడు ఎవరికి తెలుసు?"

ఆ కాలువలోనే మేం చిన్నప్పుడు ఈత కొట్టాం. ఆ కాలువ చేపలే తిన్నాం. నేనేమీ అనలేదు. ఆయన కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ డబ్బా మూత పెట్టి నా చేతిలో పెట్టారు.

ఆ నాలుగూ, కెమెరాలో దొరికిన ఐదోదీ హైదరాబాద్ తెచ్చి, బ్యాటరీలు తీసుకునే అధీకృత ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇచ్చాను. మీ ఇళ్లలో పాత కెమెరా ఉంటే ముందు దాని అడుగు మూత తీసి చూడండి. సెల్లు ఉంటే చేత్తో రుద్దొద్దు, కోయొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. మూత ఉన్న డబ్బాలో పెట్టి అలాంటి కేంద్రానికి ఇవ్వండి. తర్వాతే మీటర్ సంగతి.

రెండో రీలు పోయిన వారం వచ్చింది. అదే అరుగు, అదే నీడ. ఈసారి పెద్దమ్మ కళ్లు కనిపిస్తున్నాయి.

ఉంటానండి, వచ్చే వారం కలుద్దాం.